వడపళనిలో వెలసిన ఉజ్జయిని

చెన్నై నగరంలో ఆర్కాటు రోడ్డు వెంట పడమరగా సాగితే వడపళని వస్తుంది. మురుగన్ కోవెల గంటలు, బస్సుల రొద, తలపై మెట్రో రైలు వంతెన, అంగళ్ల ముందు జనసమ్మర్దం. బాటసారిని ఆపి నిలిపే విశేషమేదీ పైకి కనిపించదు. అయితే అక్కడి ఒక ఆసుపత్రి, ఒక వాణిజ్య సముదాయం ‘విజయ’ అన్న పేరును నేటికీ మోస్తున్నాయి. ఆ ప్రాంగణాలు ఒకనాడు విజయా–వాహినీ స్టూడియోలవి. తెలుగువారి ఉజ్జయినీ నగరం వెలసింది ఆ స్టూడియోలోనే.

1951లో విడుదలైన ‘పాతాళభైరవి’కి నాగిరెడ్డి, చక్రపాణి నిర్మాతలు, కె. వి. రెడ్డి దర్శకుడు. మార్కస్ బార్ట్లే కెమెరా ముందు కర్రతో, గుడ్డతో, రంగుతో లేచిన గోడలు రాతికోటలై నిలిచాయి. కాశీమజిలీ కథల పరిమళం ఆ కథకు అబ్బింది. సాహసవీరుడొకడు గోడలు దూకి రాకుమారిని గెలుచుకొనే కథలు లోకానికి కొత్త కావు. హాలీవుడ్‌లో డగ్లస్ ఫెయిర్‌బాంక్స్ 1924లోనే ‘బాగ్దాదు గజదొంగ’గా ప్రేక్షకులను ఉర్రూతలూగించాడు.

మరి తోటరాముని ప్రత్యేకత ఏమిటి? అతడు తోటమాలి కొడుకు. ఇటువంటి కథలలో చివరకు నాయకుడు చిన్ననాడు తప్పిపోయిన రాజకుమారుడని తేలడం పరిపాటి. 1938లో ఎర్రల్ ఫ్లిన్ ధరించిన రాబిన్ హుడ్ సైతం పేదల పక్షాన నిలిచిన ప్రభువంశీయుడే. తోటరామునికి అటువంటి రహస్యజన్మ ఏదీ లేదు. తనతో సరితూగే సంపద తెస్తేనే కుమార్తెనిస్తానని రాజు షరతు విధిస్తాడు. ఆ సంపద కోసమే రాముడు నేపాళ మాంత్రికుని వెంట వెళ్తాడు. తల్లి దీవెన, చేతిలో కత్తి, సమయస్ఫూర్తి: అతని ఆస్తి అంతే. చివరికి అల్లుడయ్యేదీ ఆ తోటమాలి కొడుకే.

ఆనాటి ప్రేక్షకులకు ఈ కథ కేవలం కాలక్షేపం కాకపోవచ్చు. మద్రాసు రాష్ట్రంలో జమీందారీల రద్దు చట్టం వచ్చినది 1948లో. సంస్థానాలు ఒక్కొక్కటిగా భారత యూనియన్‌లో కలిసిపోయిన రోజులవి. నేలటిక్కెట్టు కొని కూర్చున్న రైతుకు, కూలీకి, తెరపై కోటగోడ ఎక్కుతున్న రాముడు పరాయివాడుగా తోచి ఉండడు.

కత్తియుద్ధంలో మరొక ఆకర్షణ ఉన్నది. అంచు మొద్దుబారిన కత్తి అయినా గురి తప్పితే గాయం చేస్తుంది. ఎదుటివాని అడుగును, చూపును, భుజం కదలికను కనిపెట్టి నటుడు క్షణంలో స్పందించాలి. మంత్రదండంతో మాయలెన్ని జరిగినా, ఆ చెమట మాత్రం నిజం. తరువాతి కాలంలో జానపద చిత్రాల కథానాయకుడు కాంతారావు పేరుకు ముందు ప్రేక్షకులు ‘కత్తి’ని చేర్చుకొన్నది ఊరకే కాదు.

1952లో బొంబాయిలో ఆరంభమైన భారత తొలి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ‘పాతాళభైరవి’ని ప్రదర్శించారు. తెలుగు చిత్రపరిశ్రమ క్రమంగా హైదరాబాదుకు తరలింది. వడపళనిలో సెట్ల చప్పుళ్లు సన్నగిల్లాయి. స్టూడియో నేలపై లేచిన వాణిజ్య సముదాయం 2013లో తలుపులు తెరిచింది. అందులోనూ సినిమాహాళ్లున్నాయి. పిల్లలను వెంటబెట్టుకొని మెట్లెక్కి వెళ్లే కుటుంబాలలో ఎందరికి తెలుసో గాని, తోటరాముడు కత్తి పట్టిన స్టూడియో నేల వారి పాదాల కిందనే ఉన్నది.