పొద్దున మాత్ర వేసుకున్నారా?

మా సావనీరు సంపాదకవర్గం వారు "మీ ఇంట్లో గుండె మార్పిడి జరిగింది కదా, దాని మీద ఏదైనా రాసివ్వు, సైన్సు వ్యాసంలా ఉంటే మరీ మంచిది" అన్నారు. సైన్సు వ్యాసం రాసేటంత సైన్సు నాకు రాదు. పైగా ఆ రోజుల్లో నేను చేసిన ఘనకార్యం ఒకటుంది. దాన్ని దాచిపెట్టి తక్కినదంతా రాయడానికి మనసొప్పలేదు. కాబట్టి అదీ రాస్తున్నాను. చదివి నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు.

గుండె మార్పిడి గురించి నాకు ముందు తెలిసిందంతా క్విజ్ పోటీల పరిజ్ఞానం. 1967 డిసెంబరు 3, కేప్‌టౌన్, గ్రూట్ షూర్ ఆసుపత్రి, డాక్టర్ క్రిస్టియాన్ బెర్నార్డ్. మన దేశంలో 1968లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో డాక్టర్ పి.కె. సేన్ ప్రయత్నించారు, రోగి కొన్ని గంటలే బతికాడు. విజయవంతమైన మొదటి ఆపరేషన్ 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో చేసింది మన రాజమండ్రి వాడైన డాక్టర్ పి. వేణుగోపాల్. ఈ జాబితాలో ఉన్నవాళ్లంతా సర్జన్లే అన్న సంగతి నాకు అప్పుడు తట్టలేదు.

మా మామయ్య (అమ్మకి తమ్ముడు) ఆర్టీసీలో డ్రైవరు. నలభై ఒకటో ఏట గుండె కండరం సాగిపోయి, పల్చబడి, నాలుగు మెట్లెక్కితే కూలబడే స్థితికి వచ్చాడు. ఏడాదిన్నర మందులతో నెట్టుకొచ్చాక, 2022 ఆగస్టులో ఒక రాత్రి హైదరాబాదులోని ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. "గుండె దొరికింది, వెంటనే బయలుదేరండి, మంచినీళ్లు కూడా తాగొద్దు." ఆ ఫోను చేసింది సర్జను గారు కాదు. ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్ అనే ఉద్యోగంలో ఉన్న ఒక నర్సు. ఖమ్మం వైపు ఆవిడ. మామయ్య ఆవిణ్ని "సిస్టరమ్మా" అనేవాడు, ఆవిడ మామయ్యని "అన్నా" అనేది, నన్ను "తమ్ముడూ" అనేది. అవయవ మార్పిడి చేసే ఆసుపత్రికి ఈ కోఆర్డినేటర్ ఉండి తీరాలని చట్టమే ఉందని తర్వాత తెలిసింది.

ఆ గుండె ఎవరిదో ఇప్పటికీ మాకు తెలియదు. చెప్పరు. సిస్టర్‌కి తెలుసు. అంతకు ముందు ఏళ్ల తరబడి ఐ.సి.యు.లో పనిచేసిన మనిషి కాబట్టి, అటు పక్క ఏం జరుగుతుందో ఒకసారి మామయ్య అడిగితే చెప్పింది. మెదడు చనిపోయిందని ఊరికే ఒక మాటలో తేల్చేయరు. నలుగురు డాక్టర్లు, కనీసం ఆరు గంటల ఎడంతో రెండుసార్లు పరీక్షలు. వెంటిలేటరు తీసి, తనంతట తాను ఊపిరి పీల్చే ప్రయత్నం చేస్తాడేమో అని కళ్లు ఆర్పకుండా చూడటం. ఆ తర్వాత కూడా, చనిపోయాడని సంతకాలు పడిన మనిషి పక్కనే నర్సు రాత్రంతా నిలబడాలి. రక్తపోటు పడిపోకుండా, ఒళ్లు చల్లబడకుండా, మూత్రం కొలుస్తూ, నోరు శుభ్రం చేస్తూ, పక్కకి తిప్పుతూ. అటు ఏ ఒక్కటి తప్పినా ఇటు గుండె పనికిరాదు. బయటికి తీశాక గుండెకి ఉన్న గడువు సుమారు నాలుగు గంటలే. 2021 ఫిబ్రవరిలో నాగోలు నుంచి జూబ్లీహిల్స్‌కి మెట్రో రైల్లో గుండెని తీసుకెళ్లడం టీవీలో మనమంతా చూశాం. ఆ పెట్టె రైలెక్కే ముందు ఎవరెవరు ఎన్ని గంటలు కూర్చోలేదో టీవీలో రాలేదు.

"ఆ ఇంటివాళ్లతో మీరే మాట్లాడారా?" అని మామయ్య అడిగాడు. సిస్టర్ కాసేపు ఫైలు సర్దుకుని, "ఆ అమ్మ కూడా మీ గురించి అడిగింది అన్నా, ఎలా ఉన్నాడు అని" అంది. మామయ్య ఆ పూట అన్నం తినలేదు.

ఆపరేషన్ రాత్రి అత్తయ్యా నేనూ వరండాలో కూర్చున్నాం. తెల్లారుజామున ఆకుపచ్చ బట్టల్లో ఒకాయన వచ్చి మా బెంచీ చివర కూర్చుని టీ తాగుతున్నాడు. కాంపౌండరేమో అనుకుని "లోపల ఎలా ఉందండీ?" అన్నాను. "నా పని అయిపోయింది, మీవాడి గుండె మీవాడే కొట్టుకుంటున్నాడు" అన్నాడు. ఆయన పెర్‌ఫ్యూజనిస్టు, అంటే హార్ట్ లంగ్ మెషీన్ నడిపే మనిషి. మూడు గంటల సేపు మామయ్య రక్తమంతా గొట్టాల్లోంచి బయటికి లాగి, ప్రాణవాయువు పట్టించి, ఒళ్లు చల్లబరిచి, మళ్లీ వెచ్చబరిచి పంపించింది ఆయన. అందులో గంట పైచిలుకు మామయ్య ఛాతీలో పనిచేసే గుండే లేదు. అంతటి పని చేసినాయన బిస్కెట్ టీలో ముంచుకుని, అది విరిగి కప్పులో పడితే విసుక్కున్నాడు.

ఆ యంత్రం కథ తర్వాత చదివాను. దాన్ని కనిపెట్టింది అమెరికాలో జాన్ గిబ్బన్ అని పుస్తకాలన్నీ చెబుతాయి. ఏళ్ల తరబడి ఆయన పక్కన నిలబడి, పిల్లుల మీద ప్రయోగాలు చేస్తూ ఆ యంత్రాన్ని కూర్చింది మేరీ హాప్కిన్సన్ అనే లేబొరేటరీ టెక్నీషియన్. ఆవిడ ఆయన భార్య కూడా. 1953 మే 6న ఆ యంత్రం మీద మొదటిసారి ఒక పద్దెనిమిదేళ్ల అమ్మాయి గుండెకి ఆపరేషన్ చేసి బతికించారు. మా క్విజ్ పుస్తకంలో మేరీ పేరు లేదు. కేప్‌టౌన్ ఆపరేషన్‌లో పనిముట్లు అందించిన సిస్టర్ పెగ్గీ జోర్డాన్ పేరూ లేదు, యంత్రం నడిపిన యోహాన్ వాన్ హీర్డెన్ పేరూ లేదు. ఆ మొదటి రోగి వాష్‌కాన్‌స్కీ పద్దెనిమిది రోజులు బతికాడు. కొత్త గుండె ఆఖరిదాకా బాగానే కొట్టుకుంది. ఆయన్ని తీసుకుపోయింది న్యుమోనియా. గుండెని ఒళ్లు తోసెయ్యకుండా ఇచ్చే మందులే ఒంటిలోని కాపలాని పడుకోబెడతాయి మరి. అందుకే మామయ్య గదిలోకి చేతులు కడుక్కోకుండా ఎవరొచ్చినా, పెద్ద డాక్టరుగారి వెంట వచ్చే హౌస్‌సర్జన్లయినా సరే, నర్సమ్మలు మొహమాటం లేకుండా గుమ్మంలోనే ఆపేసేవాళ్లు.

మూడో రోజు నుంచి ఫిజియోథెరపిస్టు వచ్చాడు. నా వయసు కుర్రాడే. మామయ్య నాడి పడుకుని ఉండగానే వందకి దగ్గరగా కొట్టుకుంటోంది. అత్తయ్య హడలిపోయింది. ఆ కుర్రాడు చెప్పాడు: "ఈ గుండెకి నరాల తీగలు తెగిపోయాయమ్మా. కాబట్టి దాని వేగం దానిదే. ఆయన లేచి నడుస్తున్నాడని దానికి వెంటనే కబురందదు. రక్తంలో కలిసి అడ్రినలిన్ వచ్చి చెప్పాలి. దానికి కొన్ని నిమిషాలు పడుతుంది. అందుకే ముందు కూర్చుని కాళ్లూ చేతులూ ఆడించాలి, తర్వాతే నడక. ఆగేటప్పుడు కూడా ఒక్కసారిగా ఆగకూడదు." మామయ్య నవ్వి, "డీజిల్ బండి. ఇంజను వేడెక్కకుండా తీస్తే ఆగిపోద్ది. నాకు చెప్పాలా?" అన్నాడు. ఆ రోజు నుంచి పాఠం పూర్తిగా బుర్రకెక్కింది.

ఇంకో మాట కూడా చెప్పాడా కుర్రాడు. నరాలు తెగిన గుండెకి నొప్పి వచ్చినా పైకి తెలియకపోవచ్చు, రక్తనాళం పూడుకుపోతున్నా, ఒళ్లు గుండెని తోసేస్తున్నా అది ఊరుకుంటుంది, కాబట్టి నొప్పి వచ్చినప్పుడు వద్దాంలే అనుకోవద్దు అన్నాడు. నేను విన్నాను. విని మరిచిపోయాను.

పక్క గదిలో ఊపిరితిత్తులు మార్చిన ఒక పెద్దావిడ ఉండేది. ఆవిడ సంగతి మరీ విచిత్రం. అతుకు కింద నరాలు లేవు గనుక కఫం చేరినా దగ్గు తనంతట రాదు. గడియారం చూసుకుని పనిగట్టుకుని దగ్గాలి. అదే ఫిజియోథెరపిస్టు దిండు ఛాతీకి ఆనించి పట్టుకోవడం, దీర్ఘంగా ఊపిరి తీసి గట్టిగా వదలడం ఆవిడకి రోజుకి అన్నిసార్లు నేర్పేవాడు. "యాభై ఏళ్లు దగ్గొద్దని మందు తాగాను బాబూ, ఇప్పుడు దగ్గమని తంతున్నారు" అనేదావిడ. ఇంటికెళ్లేటప్పుడు రోజూ ఊదమని చిన్న స్పైరోమీటర్ ఒకటిచ్చి, అంకె తగ్గితే ఆయాసం రాకపోయినా ఫోను చెయ్యమన్నారు.

డైటీషియన్ గారి సంగతి ఎక్కువ రాయను, మామయ్యకి ఆవిడంటే ఇప్పటికీ కోపం. ఆవకాయ ఉప్పు, బయట చిరుతిళ్లు, కొయ్యగానే తినే పచ్చి కూరలు అన్నీ కొట్టేసింది. పంపరపనస మాత్రం అసలు ముట్టుకోవద్దంది. అది మందుని రక్తంలో ఎక్కువ చేసేస్తుందట.

ఇక నా ఘనకార్యం.

ఆపరేషన్ తర్వాత కొన్ని నెలలు ఆసుపత్రికి దగ్గర్లోనే ఉండాలన్నారు. చిన్న గది అద్దెకి తీసుకున్నాం. మందుల మీద ఉన్న ఇంగ్లీషు అత్తయ్యకి రాదు కాబట్టి మాత్రలిచ్చే పెత్తనం నాది. అన్నిట్లోకీ ముఖ్యం టాక్రోలిమస్. పొద్దున ఎనిమిది, రాత్రి ఎనిమిది. రక్తపరీక్ష ఉన్న రోజు మాత్రం పొద్దుటి మాత్ర జేబులో పెట్టుకుని వెళ్లాలి, రక్తం తీశాకే వెయ్యాలి. రాత్రి మాత్ర వేసిన పన్నెండు గంటలకి రక్తంలో ఎంత అడుగంటిందో చూస్తారన్నమాట. దాన్ని బట్టే డోసు.

నవంబరులో ఒక రోజు. మర్నాడు నాకు సెమిస్టర్ పరీక్ష. రాత్రంతా చదివి, పొద్దున కళ్లు మూతలు పడుతుంటే అలవాటు కొద్దీ ఏడున్నరకే మాత్ర ఇచ్చేశాను. ఆటో సగం దూరం వెళ్లాక గుర్తొచ్చింది. మామయ్యతో అంటే, "చెప్పకురా, రేపు మళ్లీ రమ్మంటారు, నీ పరీక్ష పాడవుతుంది" అన్నాడు. తొమ్మిదింటికి రక్తం తీసే ముందు సిస్టర్ ఎప్పటిలాగే, "పొద్దున మాత్ర వేసుకున్నారా?" అంది. "లేదు సిస్టర్" అన్నాను. గొంతు కూడా తడబడలేదు.

సాయంత్రం ఆరున్నరకి ఫోనొచ్చింది. "తమ్ముడూ, లెవెల్ ఇరవై మూడు వచ్చింది. డాక్టరుగారు డోసు తగ్గించమన్నారు. నేనింకా మీకు తగ్గించమని చెప్పట్లేదు. పోయినసారి పదకొండు, అంతకు ముందు పన్నెండు. ఒకేసారి ఇరవై మూడు ఎలా అయింది? విరేచనాలేమైనా అయ్యాయా?" లేదన్నాను. "వేరే డాక్టరు దగ్గర కొత్త మందేమైనా?" లేదు. "పంపరపనస?" లేదు. ఆవిడ కాసేపాగి, అదే గొంతుతో, "పొద్దున మాత్ర వేసుకున్నారా?" అంది.

ఆ మాట రెండోసారి అడుగుతుంటే నాకు ఫిజియోథెరపిస్టు చెప్పింది గుర్తొచ్చింది. డోసు తగ్గిస్తే రక్తంలో ఉండాల్సిన మందు ఉండదు. ఒళ్లు గుండెని తోసెయ్యడం మొదలుపెడుతుంది. ఆ గుండె నొప్పని చెప్పదు. మామయ్య పక్కనే టీవీ చూస్తున్నాడు.

"వేశాను సిస్టర్. ఏడున్నరకి."

తిడుతుందనుకున్నాను. "సరే, డాక్టరుగారితో మాట్లాడి మళ్లీ చేస్తా, అప్పటిదాకా ఎనిమిదింటి మాత్ర ఇవ్వకు" అని పెట్టేసింది. ఏడు నలభైకి మళ్లీ చేసింది. రాత్రి మామూలు డోసే వెయ్యాలి, మర్నాడు మాత్ర లేకుండా మళ్లీ రక్తం. మర్నాడు అత్తయ్యే మామయ్యని తీసుకెళ్లింది, నేను పరీక్ష రాశాను (ఎలా రాశానో అడక్కండి). లెవెల్ పదకొండున్నర. డోసు మారలేదు.

వారం తర్వాత వెళ్లినప్పుడు క్షమించమని అడగబోయాను. సిస్టర్ వినిపించుకోకుండా మామయ్య మందుల నోటుపుస్తకం తీసి ఆ రోజు పేజీ తెరిచి పెన్ను నా చేతికిచ్చింది. "ఉదయం 7.30కి మాత్ర ఇచ్చాను. 9 గంటలకి రక్తం తీశారు. ముందు చెప్పలేదు" అని నా చేతే రాయించి, కింద సంతకం పెట్టించింది.

మామయ్య ఇప్పుడు డిపోలో కూర్చుని చేసే పనిలో ఉన్నాడు. ఇంటికి చుట్టాలెవరొచ్చినా ఛాతీ మీద మచ్చ చూపిస్తాడు. ఆ తర్వాత, నేను అక్కడున్నానంటే మాత్రం తప్పకుండా, ఆ నోటుపుస్తకం తెప్పించి ఆ పేజీ చూపిస్తాడు.