చేరిన చోటి తూకం

బిలాస్‌పూర్ రైల్వే పట్టణంలోని తెలుగు కుటుంబాల చరిత్రను ఎవరైనా వ్రాయదలచితే, సర్వీసు పుస్తకాలతో పాటు మనియార్డరు రసీదుల కట్టలను కూడా ముందుంచుకోవలసి ఉంటుంది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే తన దారి పొడవునా ఉద్యోగాలు చూపించింది. ఉత్తరాంధ్ర జిల్లాల నుండి మనవారు ఆ దారినే వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. జీతం ఇక్కడ, తల్లిదండ్రులు అక్కడ. ఆ రెంటికీ నడుమ వారధి తపాలా కార్యాలయం.

మన దేశంలో తపాలా శాఖ మనియార్డరు పద్ధతిని 1880లో ప్రారంభించింది. మా తరానికి తెలిసిన రుసుము ఇరవై రూపాయలకు ఒక రూపాయి, అనగా నూటికి ఐదు. అది తక్కువ రుసుమేమీ కాదు. అయితే ఆ పద్ధతిలో ఒక మర్యాద ఉండేది. రుసుము ఎంతో కిటికీ వద్దనే చెప్పేవారు. పంపేవారు దానిని విడిగా చెల్లించేవారు. పంపిన నూరు రూపాయలూ నూరుగానే ఊళ్లో తల్లి చేతికి అందేవి. బయలుదేరిన చోటా రూపాయే, చేరిన చోటా రూపాయే గనుక మారకమనే మాటకు అక్కడ తావు లేదు.

నేడు ప్రయాణపు దిశ మారింది. ఆనాటి గ్యాంగుమెన్ల, గుమాస్తాల మునిమనుమలు జర్మనీలోను, అమెరికాలోను చదువుకొంటున్నారు. డబ్బు ఇప్పుడు పెద్దల నుండి పిల్లలకు వెళ్లుతున్నది. రూపాయిగా బయలుదేరి యూరోగానో డాలరుగానో చేరుతున్నది. వేషం మార్చుకొనే ఆ క్షణంలోనే అది కొంత తగ్గిపోతుంది. ఎంత తగ్గిందో పంపినవారికి తెలియదు, అందుకొన్నవారికీ తెలియదు.

ఈ మధ్య తోర్వా వైపు నివసించే ఒక మిత్రుని ఇంట ఈ విషయమై చర్చ వచ్చింది. ఆయన రైల్వేలో గార్డుగా పనిచేసి విరమణ పొందినవారు. (2022 నుండి ఈ ఉద్యోగాన్ని ట్రైన్ మేనేజర్ అంటున్నారు.) కుమార్తె జర్మనీలో పై చదువు చదువుతున్నది. ఖర్చంతా భవిష్యనిధి సొమ్ములోనుండి. దాని వెనుక మరొక నిధి లేదు. ఆ అమ్మాయి ఫోనులో, "నాన్నగారూ, ఇక్కడ కొందరు క్రిప్టో డెబిట్ కార్డు వాడుతున్నారు. బ్యాంకు మారకపు రుసుము ఉండదట. మనమూ అలాగే చేద్దామా?" అని అడిగింది. ఆయన మావైపు తిరిగి, "ఇందులో నిజమెంతో మీరు కాస్త లెక్క కట్టి చెప్పండి. పోతే మళ్లీ సంపాదించుకొనే వయస్సు కాదు నాది" అన్నారు.

బొగ్గు సంస్థలో పనిచేసే మనకు ఇటువంటి లెక్క కొత్త కాదు. గని వద్ద వ్యాగన్లు నింపినప్పుడు ఒక తూకం, విద్యుత్ కేంద్రంలో దించేటప్పుడు ఇంకొక తూకం. దారిలో ఎంత పోయిందో ఆ రెంటినీ పక్కపక్కన పెట్టినప్పుడే తెలుస్తుంది. రవాణా ఛార్జీ ఒక్కటే చూసినవారికి ఆ నష్టం కనబడదు. డబ్బును కూడా ఆ విధంగానే తూచి చూద్దామని మేము కాగితం, కలం తీసుకొని కూర్చున్నాము.

ముందుగా ఈ కార్డు పనిచేసే తీరు తెలుసుకోవాలి. దాని మీద సాధారణంగా వీసా గుర్తో, మాస్టర్‌కార్డు గుర్తో ఉంటుంది. దుకాణదారునికి బిట్‌కాయిన్ అందదు; ఆ దేశపు ద్రవ్యమే అందుతుంది. మనం కార్డు వాడినప్పుడు కార్డు సంస్థ మన ఖాతాలోని క్రిప్టోను అమ్మి, వచ్చిన సొమ్ముతో బిల్లు తీరుస్తుంది. కనుక భారతదేశం నుండి బయలుదేరిన రూపాయి మొదట ఎక్స్‌ఛేంజిలో క్రిప్టోగా మారాలి. ఆపైన క్రిప్టో, కార్డు సంస్థ లెక్కలు చూసే ద్రవ్యంగా మారాలి. అది దుకాణపు ద్రవ్యం కాకపోతే ఇంకొకసారి మారాలి. బండి మారిన ప్రతి జంక్షనులోను రుసుము ఒకటి, రేటు ఒకటి ఎదురుచూస్తుంటాయి.

రుసుము వేరు, రేటు వేరు. రుసుము పట్టికలో అచ్చయి ఉంటుంది. రేటులో కలిపిన లాభం ఎక్కడా అచ్చు కాదు. కొనేవారికి ఒక ధర, అమ్మేవారికి ఒక ధర చెప్పి, ఆ రెంటి తేడాను సంస్థ మిగుల్చుకొంటుంది. 'రుసుము సున్నా' అన్న ప్రకటనను చూసినప్పుడు మనం అడగవలసిన ప్రశ్న, "మరి రేటు ఎంత?" అన్నదే.

ఇక లెక్క. సౌకర్యం కోసం యూరో అసలు రేటు నూరు రూపాయలనుకొన్నాము. అమ్మాయి వెయ్యి యూరోలు ఖర్చు చేయాలి. అసలు విలువ లక్ష రూపాయలు. ఈ క్రింది అంకెలు ఏ ఒక్క సంస్థవీ కావు. లెక్క తీరు తెలియడానికి మేము ఊహించుకొన్నవి.

మొదటిది, ఇక్కడి బ్యాంకు ఇచ్చిన మామూలు డెబిట్ కార్డు. మారకపు అదనపు రుసుము మూడున్నర శాతమైతే 3,500 రూపాయలు. ఆ రుసుము మీద 18 శాతం జి.ఎస్.టి. 630 రూపాయలు. మొత్తం 1,04,130 రూపాయలు.

రెండవది, ముందుగా యూరోలు నింపుకొనే ఫారెక్స్ కార్డు. బ్యాంకు యూరోను 101 రూపాయల 50 పైసలకు అమ్మి, కార్డు ఖర్చుల క్రింద 300 రూపాయలు తీసుకొన్నదనుకొంటే మొత్తం 1,01,800 రూపాయలు.

మూడవది, క్రిప్టో కార్డు. ధర ఊగిసలాట ఉండకూడదని డాలరుతో ముడిపడిన స్థిర నాణేన్నే కొన్నామనుకొందాం. మన దేశపు ఎక్స్‌ఛేంజిలలో ఆ నాణెం తరచు డాలరు అసలు రేటుకంటె ఎక్కువ ధర పలుకుతుంది. ఆ ఎక్కువ మూడు శాతమనీ, కార్డు సంస్థ మార్పిడి రుసుము 2.49 శాతమనీ వేసుకొంటే, మొత్తం సుమారు 1,05,565 రూపాయలు. ఎక్స్‌ఛేంజి వ్యాపార రుసుము, నాణేన్ని ఒక ఖాతా నుండి మరొక ఖాతాకు పంపే ఖర్చు ఇందులో కలపలేదు.

బ్యాంకు రుసుము తప్పుతుందన్న మాట నిజమే. కాని దాని స్థానంలో వచ్చినవి దానికంటె పెద్దవి. ఫారెక్స్ కార్డుతో పోల్చితే వెయ్యి యూరోలకు 3,765 రూపాయల తేడా. విరమణ పొందినవారి ఇంటికి అది చిన్న మొత్తం కాదు.

2.49 అన్న అంకె మాత్రం మేము కల్పించినది కాదు. 2019లో కాయిన్‌బేస్ సంస్థ బ్రిటన్‌లో ప్రవేశపెట్టిన కార్డుకు క్రిప్టో మార్పిడి రుసుము అంతే ఉండేది. ఐరోపా దాటి వాడితే దానికి మరి మూడు శాతం కలిసి 5.49 శాతమయ్యేది. అంతరిక్షంలో ఉపగ్రహాలు, అరచేతిలో ఫోను వచ్చిన తరువాత కూడా, సైకిలు మీద తిరిగే పోస్ట్‌మాన్ ఇంటికి తెచ్చి ఇచ్చిన మనియార్డరు కంటె ఆ కార్డు ఖరీదైనది! అన్ని కార్డులూ అంత ఖరీదైనవి కావు; చౌకవీ ఉన్నాయి. చౌకదనాన్ని నిర్ణయించేది ప్రకటన కాదు, చేరిన చోటి తూకం.

బహుమతుల సంగతి కూడా ఉంది. ఖర్చు చేసిన ప్రతిసారీ కొంత శాతం తిరిగి ఇస్తామని కార్డు సంస్థలు చెబుతాయి. చాలా చోట్ల ఆ తిరిగి ఇచ్చేది రూపాయో డాలరో కాదు, ఆ సంస్థ సొంత నాణెం. దాని ధర పడిపోతే బహుమతీ పడిపోతుంది. 2022 మే నెలలో క్రిప్టో.కామ్ సంస్థ తన కార్డు బహుమతులను బాగా తగ్గించినట్లు ప్రకటించింది. ఇచ్చేవారి ఇష్టం మీద ఆధారపడినదానిని మన నెల బడ్జెట్టులో వేసుకోరాదు.

తరువాత పన్ను. క్రిప్టో మీద వచ్చిన లాభానికి మన దేశంలో 2022 ఏప్రిల్ 1 నుండి 30 శాతం పన్ను ఉన్నది. కొన్న ధర తప్ప మరే ఖర్చునూ తీసివేయనివ్వరు. ఒక నాణెం మీది నష్టాన్ని మరొక నాణెం మీది లాభంలో సర్దుకోనివ్వరు. అదే సంవత్సరం జూలై 1 నుండి బదిలీ విలువ మీద ఒక శాతం చొప్పున మూలంలోనే పన్ను కోత కూడా వచ్చింది. కార్డుతో కాఫీ కొనడమంటే చట్టం దృష్టిలో క్రిప్టోను అమ్మడమే. నెలకు అరవైసార్లు కార్డు వాడితే అరవై అమ్మకాలకు కొన్న ధర, అమ్మిన ధర వ్రాసిపెట్టుకోవాలి. ఆ శ్రమకు ఏ పట్టికలోను రుసుము వ్రాసి ఉండదు.

పాఠకులు దీనిని నిషిద్ధ వస్తువుగా భావించనక్కరలేదు. క్రిప్టో వ్యాపారులకు సేవలందించరాదని రిజర్వు బ్యాంకు 2018 ఏప్రిల్ 6న బ్యాంకులకు జారీ చేసిన సర్క్యులరును సుప్రీంకోర్టు 2020 మార్చి 4న కొట్టివేసింది. కొనడం నేరం కాదు. అయితే అది చట్టబద్ధ ద్రవ్యమూ కాదు. బ్యాంకు డిపాజిట్టుకు ఉన్న బీమా దానికి లేదు.

మా మిత్రునికి అన్నిటికంటె ఎక్కువ కలవరం కలిగించినది రుసుము కాదు, కార్డు ఆగిపోయే సంభవం. 2018 జనవరిలో వేవ్‌క్రెస్ట్ అనే సంస్థ సభ్యత్వాన్ని వీసా రద్దు చేయగా ఐరోపాలో అనేక క్రిప్టో కార్డులు ఒక్కసారిగా పనికిరాకుండా పోయాయి. 2020 జూన్‌లో జర్మనీకి చెందిన వైర్‌కార్డ్ సంస్థ దివాలా తీసినప్పుడు, బ్రిటన్‌లోని దాని అనుబంధ సంస్థ జారీ చేసిన కార్డులు కొన్ని రోజులు స్తంభించాయి. 2023 డిసెంబరులో బైనాన్స్ కార్డు ఐరోపాలో నిలిచిపోయింది. మన దేశంలో 2024 జూలై 18న వజీర్‌ఎక్స్ ఎక్స్‌ఛేంజి నుండి సుమారు 23 కోట్ల డాలర్ల విలువగల క్రిప్టోను దొంగిలించారు. ఖాతాదారులు ఏడాదికి పైగా తమ సొమ్ము కోసం ఎదురుచూశారు. పరాయి దేశంలో ఇంటి అద్దె కట్టవలసిన రోజున ఇటువంటిది జరిగితే, నూటికి ఎంత మిగిలిందన్న లెక్కకు అర్థం ఉండదు.

కుమార్తె వైపు వాదనను కూడా మేము విన్నాము. "నా స్నేహితుడొకడు చేసిన పనికి జీతమే క్రిప్టోలో తీసుకొంటాడు. అతనికి ఆ కార్డు లాభమే కదా?" అన్నది. ఆ మాట సరియైనది. అతనికి రూపాయి నుండి క్రిప్టోకు మారే మొదటి జంక్షను లేదు గనుక ఒక మజిలీ ఖర్చు తప్పింది. 2023లో ధరలు ఏడాదికి 211 శాతం పెరిగిన అర్జెంటీనా వంటి దేశంలో, సొంత ద్రవ్యం కంటె డాలరు నాణేన్ని నమ్ముకొన్నవారిని తప్పుపట్టలేము. ఎవరి సొమ్ము ఎక్కడ బయలుదేరుతుందో దానిని బట్టి ఉచితానుచితాలు మారుతాయి. మన సొమ్ము బిలాస్‌పూర్‌లో రూపాయిగా బయలుదేరుతున్నది.

ఈ సందర్భంలో మన స్టేషనుతో ముడిపడిన ఒక కావ్యకథ మాకు స్మరణకు వచ్చింది. రవీంద్రనాథ ఠాకూర్ 1918లో వెలువరించిన 'పలాతక' సంపుటిలో 'ఫాంకి' అనే కవిత ఉన్నది. రోగగ్రస్తయైన భార్యతో బండి మారడానికి బిలాస్‌పూర్‌లో దిగిన భర్తను, అక్కడి ఒక పేద స్త్రీకి కుమార్తె పెళ్లి నిమిత్తం ఇరవై ఐదు రూపాయలు ఇమ్మని భార్య కోరుతుంది. అతడు రెండే ఇచ్చి భార్యకు ఆ సంగతి తెలియనివ్వడు. భార్య మరణించిన తరువాత తక్కిన ఋణం తీర్చుకోవడానికి వస్తే ఆ స్త్రీ అక్కడ ఉండదు. అది మనస్సాక్షికి సంబంధించిన కథ. కార్డుల కథ కాదు. అయినా ఇస్తున్నామని నమ్మినదానికీ, నిజంగా చేరినదానికీ మధ్య ఉన్న ఆ ఇరవై మూడు రూపాయల ఖాళీని మరచిపోలేము. పంపే ప్రతి తల్లీ తండ్రీ ఆ ఖాళీ ఎంతో తెలుసుకొనే హక్కు కలిగినవారే.

చివరకు వారు కళాశాల రుసుమును బ్యాంకు ద్వారా నేరుగా పంపాలనీ, నెలవారీ ఖర్చులకు ఫారెక్స్ కార్డు వాడాలనీ, మామూలు డెబిట్ కార్డును అత్యవసరానికి ఉంచుకోవాలనీ నిశ్చయించుకొన్నారు. పంపేముందు రెండు బ్యాంకులలో రేటు అడగడం కూడా అలవాటు చేసుకొన్నారు.

పిల్లలను పరదేశాలకు పంపిన మన సంస్థ కుటుంబాలకు మేము మనవి చేసేది ఇంతే. ఏ కార్డు తీసుకొన్నా, ఒకే రోజున, ఒకే మొత్తానికి, "ఇక్కడ ఎన్ని రూపాయలు పోతాయి? అక్కడ ఎన్ని యూరోలు చేతికి వస్తాయి?" అని అడిగి రెండు అంకెలూ పక్కపక్కన వ్రాయండి. రిజర్వు బ్యాంకు ప్రమాణంగా తీసుకొనే సూచక రేటును ఎఫ్.బి.ఐ.ఎల్. అనే సంస్థ పనిదినాలలో ప్రకటిస్తుంది, దానితో సరిచూడండి. విదేశీ దుకాణంలో యంత్రం, "రూపాయలలో చెల్లిస్తారా?" అని అడిగితే, ఆ దేశపు ద్రవ్యాన్నే ఎంచుకోమని పిల్లలకు చెప్పండి, రూపాయిని ఎంచుకొంటే రేటు నిర్ణయించే అధికారం ఆ దుకాణం వైపువారికి పోతుంది. కాగితం మీద ఈ లెక్కకు పట్టేది పది నిమిషాలు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో కూడబెట్టిన సొమ్ముకు ఆ పది నిమిషాలు కేటాయించడం న్యాయం.