చెమటపట్టే కుండ, చెమటపట్టని జాడీ

మా నెల్లూరు వైపు పాత వంటిళ్లలో మట్టిపాత్రలు రెండు జాతులుగా ఉండేవి. పులుసు కాగే దాక, నీళ్ల కుండ ఎర్రమట్టి జాతి. ఆవకాయ జాడీ పింగాణీ జాతి. కుండకు చెమటపడుతుంది, జాడీకి పట్టదు. సిరామిక్స్ క్లాసులో చేరిన పిల్లవాడికి ఈ తేడా ఎందుకొచ్చిందో తెలిస్తే సగం చదువు అయిపోయినట్టే.

ముందు కుండ సంగతి. మా మండలం ఇందుకూరుపేట చుట్టూ ఉన్నది పెన్న తెచ్చి పోసిన ఒండ్రునేల. కుమ్మరి మట్టిని నానబెట్టి, తొక్కి, కాస్త ఇసుక కలిపి సారె మీద పెడతాడు. కుండ ఆరేటప్పుడు బీటలివ్వకుండా, పొయ్యి సెగకు పగలకుండా కాపాడేది ఆ ఇసుకే. కుండలు కాల్చే ఆవంలో వేడి 800, 900 డిగ్రీల దాకా పోతుంది. అంతలో మట్టి గట్టిపడుతుంది గానీ కరిగి ఒకటైపోదు, రేణువుల మధ్య సందులు మిగులుతాయి. ఆ సందుల్లోంచి నీరు పైకి ఊరి, ఆవిరవుతూ లోపలి వేడిని పట్టుకుపోతుంది. అందుకే పడమటి గాలి సెగలు కక్కే రోజున కుండనీళ్లు గొంతుకు హాయిగా ఉంటాయి. మైపాడు తీరం నుంచి తేమగాలి వీచే రోజున అదే కుండ అంత చల్లదనం ఇవ్వదు. లోపం కుండది కాదు, గాలి అప్పటికే నీళ్లు తాగి ఉంది.

అదే కుండలో ఆవకాయ పెట్టి చూడండి. నూనె గోడలోకి ఇంకుతుంది, ఉప్పు బయటికొచ్చి పొడిలా పూస్తుంది, కొన్నాళ్లకు గోడే పొరలుగా రాలుతుంది. అక్కడ జాడీ కావాలి. జాడీకి వేరే మట్టి, 1200 డిగ్రీలు దాటే వేడి, పైన గ్లేజు. గ్లేజంటే మట్టికి అంటుకుపోయిన గాజుపొర. గాజుకు మూలం సిలికా, అది ఒంటరిగా కరగాలంటే 1700 డిగ్రీలు దాటాలి. ఫెల్డ్‌స్పార్, సున్నం తోడైతే 1250 దగ్గరే లొంగుతుంది. ఫెల్డ్‌స్పార్‌లోని అల్యూమినా ఆ కరిగిన పూతను జారిపోకుండా నిలబెడుతుంది.

ఈ సరుకంతా మనకు దూరపుది కాదు. గూడూరు, సైదాపురం అభ్రకం గనుల్లో ఫెల్డ్‌స్పార్, పలుగురాయి దొరుకుతాయి. చిల్లకూరు, కోట వైపు తీరంలో తవ్విన సిలికా ఇసుక గాజు ఫ్యాక్టరీలకు లారీల్లో పోతుంది. గూడూరులోనే ప్రభుత్వ సిరామిక్ టెక్నాలజీ సంస్థ ఉంది, పదో తరగతి తర్వాత పాలిసెట్ రాసి అందులో డిప్లొమాకు చేరవచ్చు. ఒకే సీమలో కుండమట్టి ఒకచోట, గ్లేజు రాళ్లు మరోచోట. అయినా ఊరి ఆవంలో ఆ రెండూ కలవలేదు. రాయి కరిగే వేడికి మన ఎర్రమట్టి ఉబ్బి కుంగిపోతుంది, మన మట్టి ఓర్చుకునే వేడికి ఆ రాయి కరగదు. కుమ్మరికి తెలియక కాదు, ఆయన అమ్మే సరుకుకు ఆ పూత అక్కర్లేదు.

మట్టిపనీ గ్లేజుపనీ కలిసేది క్లాసులోనే. మొదటి వారాలు మట్టితోనే గడుస్తాయి. పిల్లలు గాలిబుడగ మిగలకుండా పిసుకుతారు, వంకర కప్పులు, పెన్నుల స్టాండ్లు చేస్తారు, ఎవరో ఒకరు వినాయకుణ్ణి చేసి తొండం విరగ్గొడతారు. ఆరబెట్టడం దగ్గర మన తీరం వాతావరణం కూడా ఒక మాస్టారే. మనకు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ ముసురులో పైకి ఆరినట్టు కనిపించే పాత్ర లోపల పచ్చిగానే ఉంటుంది. బట్టీలో పెడితే ఆ తేమ ఆవిరై పాత్రను పేల్చేస్తుంది. పక్కవాడి కప్పు కూడా దానితోపాటే పోతుంది.

తొలి కాల్పు దాటిన పాత్రను గ్లేజులో ముంచుతారు. మట్టిని మలిచేటప్పుడు కన్ను చెప్పిందల్లా నిజం. ఇక్కడ కన్ను పనికిరాదు. కోబాల్ట్ కార్బొనేట్ కలిపిన ఊదారంగు పూత బట్టీలోంచి ముదురు నీలమై వస్తుంది. రాగి ఉన్న పూత గాలి బాగా ఆడిన బట్టీలో ఆకుపచ్చ, గాలి తగ్గించి పొగ కమ్మిన బట్టీలో ఎరుపు. పూత మందమైతే కిందికి జారి పాత్రను బట్టీ పలకకు అతికించేస్తుంది. అందుకే అడుగును తడి స్పాంజితో తుడవని పిల్లల్ని మాస్టారు బట్టీ దరిదాపులకు రానివ్వరు. పాతకాలంలో తక్కువ వేడికే కరుగుతుందని పూతలో సీసం వాడేవారు. చింతపండు, మామిడికాయ పులుపు ఆ సీసాన్ని పులుసులోకి లాగుతుంది. నెల్లూరు చేపల పులుసులో ఆ రెండూ ఉంటాయి కాబట్టి ఈ పాఠం మనకు ఒక పిసరు ఎక్కువే కావాలి.

2020 జాతీయ విద్యావిధానం 6 నుంచి 8 తరగతుల పిల్లల్ని పది రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక పనివాళ్ల దగ్గరికి పంపమంటూ, నేర్పాల్సిన పనుల్లో కుండల తయారీని పేరుపెట్టి చెప్పింది. మా మండలానికి ఈ ఆలోచన కొత్త కాదు. పల్లిపాడులో పెన్న ఒడ్డున పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని 1921 ఏప్రిల్ 7న ప్రారంభించిన గాంధీజీయే, 1937లో వార్ధాలో చేతిపనిని చదువుకు నడుమ నిలపమన్నారు.

అయితే పిల్లలకు ముందుగా రంగుల డబ్బాలు చూపిస్తే వాళ్లు చేసిందల్లా షోకేసు సరుకవుతుంది. నన్నడిగితే ఇద్దరు మాస్టర్లుండాలి: ఊరి కుమ్మరి ఒకరు, గూడూరులో డిప్లొమా చదివినవారు ఒకరు. పరీక్షలో అడగాల్సినది ఒకే ప్రశ్న, ఈ పాత్రలో ఏం పోస్తారు అని. నీళ్లయితే పూత వద్దు. ఊరగాయైతే పూత లేకుండా వద్దు. పులుసైతే సీసం లేదని, సెగకు తట్టుకుంటుందని రుజువు చూపించాలి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన పిల్ల తన కప్పుకు ఏ రంగు పూసుకున్నా నాకు అభ్యంతరం లేదు.