పడవయు వంతెనయు

బడిగంట మ్రోగును, పిల్లలు వరుసగా కూర్చుందురు, పాఠము చెప్పువారు మాత్రము రారు. ఇంతకంటె దీనమైన దృశ్యము వేరొకటి లేదని, బడిలోనే జీవితము గడపిన నా యభిప్రాయము.

2022 జనవరిలో అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రమునకు ఈ చిక్కే వచ్చెను. కోవిడ్ ప్రబలి ఉపాధ్యాయులు చాలక, పలు బడులు తలుపులు మూసి, పిల్లలకు ఇంటివద్దనే పాఠములు నడుపవలసి వచ్చెను. అప్పుడు గవర్నరు మిషెల్ లుహాన్ గ్రిషమ్ ప్రభుత్వోద్యోగులను, నేషనల్ గార్డు సైనికులను తరగతులకు రమ్మని కోరెను. వచ్చినవారి పూర్వచరిత్రను విచారించి, కొంత శిక్షణ యిచ్చి, అనుమతిపత్రము లొసగిరి. ఆమెయు స్వయముగా శాంటా ఫే నగరమున శిశుతరగతికి వెళ్లి పాఠము చెప్పెను.

ఇట్టి సాయము మన యూళ్లకును క్రొత్త కాదు. మా లెక్కల మాష్టారు దీర్ఘకాలము సెలవులో నున్నప్పుడు, ఊరిలోని విశ్రాంత పోస్టుమాస్టరు రెండు నెలలు వచ్చి వడ్డీలెక్కలు చెప్పెను. సేవింగ్సు పుస్తకము చేతబట్టి ఆయన చెప్పిన తీరు పిల్లల మనసుల కెక్కినది. బీజగణితము దగ్గరకు వచ్చుసరికి మాత్రము, “ఇది నావల్ల కాదండీ, హెడ్మాస్టరుగారూ! దీనికి మాష్టారే రావలెను” అనెను. పాఠము చెప్పుట ఒక విద్య యని ఆయన యెరుగును.

బాలలారా! వంతెన కూలిననాడు పడవ నడిపి దాటించువాడు పుణ్యాత్ముడు. అతనికి చేతులెత్తి మ్రొక్కుడు. కాని పడవ యున్నది గదా యని ఊరివారు వంతెన కట్టుట మానరాదు.