మామయ్య కొట్లో యాక్సెస్

2005 నాటి సంగతి. గుంటూర్లో మా మామయ్యది పురుగుమందుల కొట్టు. మూడు కంప్యూటర్లు, ఒక స్విచ్. "ఏరా, ఆఫీసులో ఒరాకిల్ అంటుంటావుగా, మాకూ బిల్లింగ్ ఏదన్నా చేసిపెట్టు" అన్నాడు. రెండు వారాంతాల్లో యాక్సెస్‌లో చేసేశా. ఎండీబీ ఫైలు ఒక మిషన్లో షేర్ చేసి, మిగతా రెండింట్లో షార్ట్‌కట్లు పెట్టి, పనైపోయిందనుకున్నా :)

మొదటి తలనొప్పి పర్మిషన్లు. ఫైలుకి రైట్ ఇస్తే చాలదు. యాక్సెస్ పక్కనే ఎల్‌డీబీ అనే లాక్ ఫైలు పెట్టుకుంటుంది, కాబట్టి ఫోల్డర్లో కొత్త ఫైలు పెట్టే, తీసేసే హక్కు అందరికీ ఉండాలి. లేదంటే ముందు తెరిచినవాడిదే రాజ్యం.

అసలు తప్పు వేరే. టేబుళ్ళు షేర్ మీద, ఫారాలు ఎవరి మిషన్లో వాళ్ళకి ఉంచి లింక్ చెయ్యాలి. తెలిసీ బద్ధకించా. మంచి సీజన్లో ఓ సాయంత్రం కరెంటు పోయింది. కంప్యూటర్లకి యూపీఎస్ ఉంది, స్విచ్‌కి లేదు! (ఫైలు విడగొట్టినా ఈ దెబ్బ తప్పేది కాదేమో లెండి.) కాంపాక్ట్ అండ్ రిపేర్ చేస్తే ఫైలు తెరుచుకుంది గానీ, ఆరోజు బిల్లులు చాలా మాయం. బ్యాకప్ చూస్తే వారం కిందటిది.

గుమాస్తా గారు మాత్రం అన్నీ పుస్తకంలో కూడా రాస్తూనే ఉన్నారు. "ఇంకా ఎందుకండీ ఈ రాత" అని అంతకుముందు నేను నవ్విన పుస్తకమే. ఆయన చదువుతుంటే రాత్రి పదకొండు దాకా టైప్ చేశా. ఆయన ఒక్క మాటా అనలేదు, అంటే బావుండేది.

తర్వాతి ఆదివారం ఫైలు రెండుగా విడగొట్టి, స్విచ్‌కీ యూపీఎస్ పెట్టించా. రోజూ కొట్టు కట్టేముందు ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే పని గుమాస్తా గారే తీసుకున్నారు. తేదీ మాత్రం పుస్తకంలో రాసుకునేవారు.