నూనె చుక్క చూపిన ఆటోనగర్

బెజవాడ వెళ్ళినవారు కనకదుర్గమ్మను దర్శిస్తారు; ప్రకాశం బారేజీ మీద నిలబడి కృష్ణమ్మను చూస్తారు. బందరు రోడ్డున బెంజి సర్కిల్ దాటి ఆటోనగర్ కూడా చూసి రమ్మంటే మాత్రం నవ్వుతారు. లారీలకు బాడీలు కట్టేవారు, రేడియేటర్లు అతికేవారు, సీట్లు కుట్టేవారు - అక్కడ వీధికొక విద్య. సుత్తి దెబ్బలతో తెల్లవారి, వెల్డింగు మెరుపులతో పొద్దుగూకే పేట అది.

మా పాత మారుతీ వాను నిలిపిన చోటల్లా నూనె చుక్కలు రాలుస్తూంటే నేనూ అక్కడికే వెళ్ళాను. 1984లో వచ్చి, తరువాత ఓమ్ని అనే పేరు పెట్టుకుని, 2019లో తయారీ ఆగిపోయిన ఈ బండికి ఇంజను ముందు సీట్ల కిందనే ఉంటుంది. కారిన నూనె కాలిన పొగగొట్టం మీద పడితే కమురు వాసన నేరుగా మన ముక్కుకే. నిప్పు భయం కూడా లేకపోలేదు. అంతకుముందు ఒకరు ఇంజను మొత్తం విప్పి తీరాలన్నారు. అమ్మాయికి కాలేజీ ఫీజు కట్టవలసిన నెలలో అది సామాన్యమైన ఖర్చా?

"ముందు బండికి తలంటాలి మేష్టారూ!" అన్నాడు ఆటోనగర్ మేస్త్రీ. ఇంజను చల్లారాక డీజిలుతో జిడ్డు వదలగొట్టి, సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టాడు. అతుకులన్నిటి మీదా ఒంటికి రాసుకునే పౌడరు చల్లి, ఇంజను కాసేపు నడిపి ఆపి, టార్చి వేశాడు. తెల్లని పొడి మీద నల్లని గీత ఒకటి ఇంజను పైమూత అంచున బయలుదేరి కిందికి దిగింది.

"చుక్క రాలేది కిందండీ, పుట్టేది పైన. కింద తడి చూసి చాంబరు విప్పితే డబ్బు పోతుంది గాని చుక్క పోదు" అన్నాడు.

మూత కింది రబ్బరు ప్యాకింగు ఏళ్ళ తరబడి వేడికి అప్పడంలా బిరుసెక్కింది. కొత్తది వేసి బోల్టులు సమంగా బిగించాడు. అతిగా బిగిస్తే మూత వంగి మళ్ళీ కారుతుందట! ఇంజను ఊపిరి విడిచే గొట్టం మసితో పూడితే లోపలి ఒత్తిడికి కొత్త ప్యాకింగైనా నిలవదని దానినీ శుభ్రం చేశాడు. వేలనుకున్నది వందలతో తేలిపోయింది. గేరుపెట్టె కలిసే చోట కారితే మాత్రం క్రాంకు వెనుక సీలును అనుమానించాలి. దానికి గేరుపెట్టె దించక తప్పదు.

మీ బండి కిందా మరకలు కనబడితే రాత్రి పాత పత్రిక పరచి చూడండి. ఉదయమే డిప్‌స్టిక్ తీసి మట్టం చూడండి. కింది గీతకు దిగి ఉంటే నూనె పోయనిదే కదలకండి.

బెజవాడ వచ్చినప్పుడు ఆటోనగర్‌కూ ఒక పూట కేటాయించండి. పాత చెప్పులతో వెళ్ళడం మాత్రం మరువకండి!