నెమలి ఈక చేతికొస్తే ముందు దాని మొదలు చూడండి



వానలు తగ్గుముఖం పట్టి, వినాయక చవితికీ దసరాకూ మధ్యల మా చెల్కల గట్ల మీద నెమలి ఈకలు రాలి కనబడతయి. మగ నెమలి ఏటా ఈ కాలంలోనే పింఛమంతా రాల్చుకొని మళ్లా కొత్తది పెంచుకుంటది. మనం ఏరుకొచ్చి దేవుని పటానికి చెక్కుతం, పిల్లలు పుస్తకాల్లో దాచుకుంటరు. అదే ఈకతోటి చేపల గాలాలు కడతరని, అందుకోసం ఒక్కో పోచను పట్టి చూసి ఏరేవాళ్లున్నరని మా మేనల్లుడు చెప్పిండు. వాడు అమెరికాలో కొలరాడోలో ఉద్యోగం చేస్తడు. సెలవొస్తే కొండ వాగుల పొంట ట్రౌట్ చేపలు పడతడు.

మనం గాలానికి ఎర్రను గుచ్చుతం. వాళ్ల పద్ధతి వేరే. ట్రౌట్ చల్లటి పారే నీళ్ల చేప. నీటి పురుగులు, నీళ్ల మీద వాలే ఈగలు దాని తిండి. అందుకని చిన్న గాలపు ముల్లుకు దారం, ఈకలు చుట్టి పురుగు లాంటిదాన్ని తయారు చేస్తరు. దాన్ని ఫ్లై అంటరు. ప్రిన్స్ నింఫ్, రాయల్ కోచ్‌మన్, గ్రిఫిత్స్ న్యాట్ అని వాళ్లలో బాగా పేరున్న ఫ్లైలున్నయి. ఈ మూడింటికీ ఒంటి భాగం నెమలి పోచతోనే చుడతరు. ఈక మీది ఆ మెరుపు అద్దకం రంగు లాంటిది కాదు. పోచ లోపలి సన్నటి అమరిక మీద వెలుతురు పడి ఆ రంగు పుడతది. అందుకే నీళ్లలో తడిసినా మెరుస్తది, కదిలినప్పుడల్లా తళుక్కుమంటది. చేపకు బతికున్న పురుగులాగ కనబడతది.

ఇక మంచి ఈకను ఎట్ల గుర్తుపట్టాలె? వాడు వీడియో కాల్‌లో చూపించింది, నేను మన ఈకలు చేతబట్టి చూసుకున్నది కలిపి చెప్తున్న.

ఈకకు నడుమ కాడ, దానికి రెండు దిక్కులా పోచలు ఉంటయి. ప్రతి పోచ మీద సన్నటి నూగు ఉంటది. కన్ను కంటే బాగా కిందికి ఉన్న పోచలు పొడుగ్గా, నూగు దట్టంగా ఉంటయి. లావుపాటి పురుగు ఒళ్లు చుట్టడానికి అవే కావాలె. కన్ను దగ్గరి పోచల పని వేరు. వాటి నూగును గోరుతోటో, పెన్సిల్ రబ్బరుతోటో గీకేస్తే లోపల సన్నటి నార మిగులుతది. దానికి ఒక అంచు నలుపు, ఒక అంచు తెలుపు. ముల్లుకు చుడితే పురుగు ఒంటి మీది గీతలు అచ్చం దిగుతయి. ఆ రెండు రంగుల తేడా ఎంత తేటగా ఉంటే ఆ కన్ను అంత మంచిదన్నట్టు. పింఛం పక్కలకు కన్ను లేకుండా కత్తిలాగ వంగిన ఈకలు కొన్ని ఉంటయి. వాటి పోచలు ఫ్లైకి తోకగా కడతరు.

పోచను వేలికి చుట్టి చూడాలె. మెత్తగా చుట్టుకుంటే మంచిది, పుటుక్కున తెగితే అది ఎండకు ఎండిపోయిన సరుకు. చాన రోజులు ఎండలో పడి ఉన్న ఈక పచ్చదనం తగ్గి రాగి రంగుకు తిరుగుతది. రాగి రంగును కావాలని వాడేటోళ్లు కూడా ఉన్నరు, కాని పెళుసెక్కితే ఎందుకూ పనికిరాదు. కొసలు ఎట్లాగూ బలహీనమే, కట్టేముందు కొంచెం కత్తిరించేస్తరు. ట్రౌట్ పళ్లకు ఒంటి పోచ నిలవదు గనక నాలుగైదు పోచలు దారంతో కలిపి పురి పెట్టి చుడతరు. నూగు అక్కడక్కడ కొరికినట్టుంటే పురుగు పట్టిందని లెక్క. అసొంటి ఈక ఒక్కటి కట్టలో పెడితే మిగిలినవీ పోతయి. కలరా ఉండ వేసి, మూత గట్టిగా పట్టే డబ్బాలో దాచాలె.

ఇవన్నీ చెప్పినంక వాడు, "మామా, మన చెల్కలయి ఓ కట్ట పంపరాదు" అన్నడు. పంపేది లేదన్న. రాలిన తోక ఈకను మన దేశంలో దగ్గర పెట్టుకోవడానికి, అమ్ముకోవడానికి చట్టం ఒప్పుకుంటది గని, విదేశాలకు పంపడం నిషేధం. అక్కడ నెమళ్లను ఫారాల్లో పెంచుతరు, ఆ ఈకలు వాడికి దుకాణంలోనే దొరుకుతయి.

అసలు మీకు చెప్పాలనుకున్న ముచ్చట ఇప్పుడు చెప్తున్న. పోయినేడు మా దిక్కు ఈకలు కొనే మనిషి ఒకడు తిరిగిండు. వాని దగ్గరి కట్టలో ఈకలన్నిటికీ మొదళ్లు సమానంగా కత్తిరించి ఉన్నయి. ఎందుకు కోసినవంటే, అందంగా ఉండాలని అన్నడు. తనంత తాను రాలిన ఈక మొదలు ఎండి, శుభ్రంగా, మొన తేలి ఉంటది. చచ్చిన పక్షి నుంచి పీకిన ఈక మొదట్లో రక్తం మరకో, కండ ముక్కో అంటుకొని ఉంటది. ఆ మొదలు కోసేస్తే ఏది రాలిందో, ఏది పీకిందో ఎవడు చెప్పాలె? నేను బేరమే ఆడలే.

నెమళ్ల తోటి మనకు నష్టం లేదని నేననను. పల్లి విత్తిన పది రోజులు అవి సాళ్లు పట్టుకొని గింజలు ఏరుకు తింటయి. నేనూ మా ఇంటామె పొద్దూమాపూ వంతులేసుకొని కావలి కాస్తం, మెరుపు రిబ్బన్లు కడతం. ఆ కష్టం మీద కోపంతో మందు కలిపిన గింజలు చల్లుదామనే మాట నేను మన మధ్యలోనే విన్న. ఈకకు ధర వస్తదంటే ఆ కోపానికి ఆశ కూడా తోడైతది. 1963 నుంచి నెమలి మన జాతీయ పక్షి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉంది. చంపితే మూడేళ్లకు తక్కువ కాకుండా, ఏడేళ్ల దాకా జైలు. ఆ గింజలు తినేది నెమళ్లొక్కటే కాదు, మన కోళ్లూ తింటయి, చచ్చినదాన్ని పీక్కుతిన్న కుక్కలూ పోతయి.

అందుకని నా మాట ఇంతే. రాలిన ఈకలు ఏరుకోండి. వాన బురద, చెదలు పట్టకముందే తెచ్చి, నీళ్లతో కడిగి నీడకు ఆరబెట్టండి. కొనే మనిషి ఎవడైనా వస్తే ముందు మొదళ్లు చూపించమనండి. కోసిన కట్ట కనబడితే ఫారెస్టోళ్లకు ఒక ఫోన్ చెయ్యండి.

విత్తనం కాపాడుకోవడానికి మీ ఊళ్లో ఏ ఉపాయం పనిచేసిందో రాయండి. వచ్చే వానాకాలం మా చెల్కల చేసి చూస్తం.